తాగని ఎలకలు

జనవరి 9

కుట్టుమిషను కలెక్టరమ్మగారి దివ్య సముఖానికి,

మీకు మిగిలిన ఒక్కగానొక్క కోతి తమ్ముడు చేతులు కట్టుకుని పెట్టుకునే అర్జీ.

నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకు, ఈసారి నిజం. ఫోన్లో చెబుదామంటే నువ్వు నా ఫోను ఎత్తవుగా. కరెంటాఫీసు గొంతు పెట్టి నీచేత మెయిన్ ఆపించి, గంటసేపు వీధిలో స్టూలు మీద కూర్చోబెట్టింది తప్పే, ఒప్పుకుంటున్నా. "నీకు గొంతులు పది, చేతిరాత ఒక్కటే. ఏమన్నా ఉంటే కాగితం మీద ఏడు" అన్నావు. ఏడుస్తున్నా. ఏడో తరగతిలో బడి మానేసినవాడు ఇన్ని పేజీలు రాస్తున్నాడని తెలిస్తే మా పంతులు మూర్ఛపోతాడు.

పని ఏంటంటే ఎలకలు. పట్టడం కాదక్కా, పెంచడం. మనం చీపురు తిరగేసి తరిమే జాతికి ఈ పరిశోధనశాలలో ఏసీ గది. వాటి దగ్గరికి వెళ్ళాలంటే చెప్పులు విప్పి, రబ్బరు బూట్లు తొడిగి, నెత్తిన టోపీ, మూతికి గుడ్డ, ఒంటికి నీలం గౌను. నా పెళ్ళికి కూడా నన్నింత ముస్తాబు చెయ్యలేదు. గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాకి నాలుగైదు ఎలకలు. కింద చెక్కపొట్టు, పైన నీళ్ళ సీసా, ముందు ఒక కార్డు. కార్డు మీద నంబరు, పుట్టినరోజు, అమ్మానాన్నల నంబర్లు, ఏం తింటుంది, ఏం తాగుతుంది. నా పుట్టినరోజు నాకే సరిగ్గా తెలీదు, వీటికి ముత్తాతల దాకా చిట్టా ఉంది. నేను డబ్బాలు మార్చాలి, మేత వెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి, పోసినట్టు ప్రతి కార్డు మీదా రోజూ సంతకం పెట్టాలి. నా సంతకానికి విలువ ఇచ్చిన మొదటి చోటు ఇదే.

పై రెండు వరసల్నీ అందరూ తుప్పు ఎలకలంటారు. ఎందుకో అడగలేదు. వాటిని చూసే ఆవిడ మనుషుల డాక్టరు కాదట, పశువుల డాక్టరూ కాదట. మరి దేనికి డాక్టరమ్మా అంటే, "ఇనుముకి" అంది. మా అన్నయ్య ఫిట్టరండీ, ఉంటే మీకు భలే పనికొచ్చేవాడు అనబోయి ఊరుకున్నా. అప్పట్నించీ ఆవిడ నాకు ఇనుం డాక్టరమ్మ.

నీరసం నీరసం అని ఏడ్చావు పోయిన ఉత్తరంలో. మందుల షాపాయన ఐరన్ టానిక్కు పూటకి రెండు చెంచాలన్నాడా? నీ ఒంటికి రెండు చెంచాలేం ఆనుతాయి, నాలుగు తాగు. పైన నాలుగు మేకులు చప్పరించు. ఇనప కలెక్టరువి అయిపోతావు.

ఇట్లు,
ఎలకల మేనమామ


జనవరి 26

ఒరేయ్ కోతీ,

ఉత్తరం అందింది. నవ్వానో లేదో చెప్పను, చెబితే ఎగిరి గంతేస్తావు. ఎలకలకి చాకిరీ చేస్తున్నావన్నమాట. చిన్నప్పుడు నా కొత్త పరికిణీ గుడ్డ కత్తెరతో నువ్వే కోసి, ఎలక కొరికిందని చెప్పావు చూడు, ఆ రుణం ఇలా తీర్చుకుంటున్నావు. బాగుంది.

నా సంగతి రాయడానికేముంది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, మొదటి కణుపుల దగ్గర వాచి ఒకటే సలుపు. మిగతా వేళ్ళు రాణుల్లా ఉన్నాయి, ఈ రెండే నా మీద పగబట్టాయి. కత్తెర పడితే ప్రాణం పోతోంది. కుట్టు తెలిసినదాన్ని, సుద్దతో గీతలు గీసి కత్తెర పక్కన పెట్టి కూర్చుంటున్నా. మిషను పది కుట్లు తొక్కేసరికి ఆయాసం. ఎదురింటి టీచరమ్మ "ఏంటక్కా ఇంత నల్లబడ్డావు, ఎండన పడి ఎక్కడ తిరిగావు?" అంది. బావ పోయాక నేను గడప దాటిందెప్పుడు!

మందుల షాపాయన కంటిరెప్ప లాగి చూసి "రక్తం లేదమ్మా" అన్నాడు. నువ్వు చెప్పినట్టే నాలుగు చెంచాలు చేశాను. ఆస్పత్రి లాంటి చోట ఉన్నావు కదా, ఎవరన్నా అనగా విన్నావేమో అనుకున్నా. పుట్టి బుద్ధెరిగాక నీ మాట వినడం ఇదే మొదలు. చూద్దాం.

మొన్న గడప ముందుకొచ్చిన కూరగాయల బండి దగ్గర వదిన ఎదురైంది. అన్నయ్య పోయాక తిరిగొచ్చి ఉంటున్నది పక్క వీధిలోనే, మాటల్లేక పదకొండేళ్ళు. నేను మొహం తిప్పుకున్నా, ఆవిడా తిప్పుకుంది. మొగుడు తాగి తాగి లివరు కాల్చుకుని పోతే, "మా ఆయన చుక్క ముట్టుకోలేదు" అని నా మొహం మీద వాదించిన మనిషి. అన్నయ్య పనిముట్ల పెట్టెలో దొరికిన సీసా నా కళ్ళతో చూశాను కదరా. నువ్వూ అక్కడే ఉన్నావు. సర్లే, ఆ మాట ఎత్తితే నువ్వు ఎప్పుడూ మాట మార్చేస్తావు. నీకూ బాధేగా.

వేళకి తిను.

అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

ముందు లేచి టానిక్కు సీసా తీసుకో. మూత తియ్యి. సింకులో పొయ్యి. పోశాక వచ్చి మిగతాది చదువు.

పొయ్యలేదని తెలుసు. విను.

తుప్పు ఎలకల్లో ఒకడికి నేను తుప్పయ్య అని పేరు పెట్టా. పేర్లు పెట్టకూడదని రూలు. నంబరుతో పిలిచినా పలకడు, పేరుతో పిలిచినా పలకడు, అలాంటప్పుడు పేరుకేం తక్కువ. మొన్న మంగళవారం వాడి డబ్బాలోనే ఉండే వాడి అన్నని కోశారు. నన్ను పళ్ళెం పట్టుకోమన్నారు. లివరు మామూలు ఎలకదానిలా లేదు. వానలో వదిలేసిన రేకులా ముదురు గోధుమరంగు. నా నోరు ఊరుకోదుగా. "డాక్టరమ్మా, వీడెవడో గోడ దూకి మందు కొట్టొస్తున్నాడు" అన్నా. ఆవిడ నవ్వలేదు. కార్డు తీసి నా ముందు పెట్టింది.

"ఏం తాగిందో ఇక్కడ ఉంది చూడండి. నీళ్ళు. పోసింది మీరు. సంతకం మీది."

ఆ తర్వాత ఆవిడ అంతా విడమరిచి చెప్పింది. నాకు తెలిసిన భాషలో చెబుతా. సినిమాహాల్లో గేటు దగ్గర పనిచేశాను కదా. హాలు నిండగానే మేనేజరు కబురు పంపేవాడు, నేను హౌస్‌ఫుల్ బోర్డు తగిలించి గేటు వేసేవాణ్ణి. ఒంట్లోనూ అంతేనట. లివరు మేనేజరు, పేగు గేటు. ఇనుము చాలినంత ఉందనగానే లివరు కబురు పంపుతుంది, పేగు గేటు మూస్తుంది. ఈ ఎలకలకి పుట్టుకతోనే ఆ కబురు వెళ్ళే దారి చెడిపోయింది. కావాలనే అలా చెడగొట్టి పుట్టించారు, మనుషుల్లో ఆ జబ్బు ఎలా నడుస్తుందో చూడ్డానికి. కబురు వెళ్ళదు, గేటు మూతపడదు. జనం వస్తూనే ఉంటారు. కుర్చీలు నిండాక నడవాలో, నడవా నిండాక తెర ముందు, ఆఖరికి మేనేజరు గదిలో దూరి బల్లలు విరగ్గొడతారు. లోపలికొచ్చిన ఇనుముని బయటికి పంపే దారి ఒంటికి లేదట. లోపలే తుప్పు.

పై వరసకి నేను రోజూ ఎర్రమూత డబ్బాలోంచి మేత వేస్తా. ఇన్నాళ్ళూ అదేంటో తెలీదు. ఇనుము ఎక్కువ కలిపిన మేతట. ఆ వరస లివర్లు ఇంకా ఘోరం. అక్కా, అది నీ టానిక్కే.

"మనుషుల్లో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నా. కారణం లేని నీరసం అంది. ఎండలోకి పోకుండానే ఒళ్ళు నల్లబడటం అంది. చూపుడువేలు, మధ్యవేలు కణుపుల నొప్పి అంది. నీ ఉత్తరం ఆవిడ చదవలేదక్కా. నీ వేళ్ళు ఆవిడకి తెలీదు.

ఆడవాళ్ళకి నెలనెలా రక్తం పోతుంది కాబట్టి అది ఆగిపోయాక గానీ బయటపడదట. అక్కకి ఇలాంటిది రాయాల్సి వచ్చింది, అది చూసైనా నమ్ము.

అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండూ కలిస్తేనే వస్తుందట. ఒకరికి వచ్చిందంటే తోబుట్టువులూ చూపించుకోవాలట. నా రక్తం కూడా పరీక్షకి ఇచ్చి వచ్చా. నువ్వు పెద్దాస్పత్రికి వెళ్ళి, ఒంట్లో ఇనుము ఎంతుందో చూడమని అడుగు. ఎక్కువని తేలితే వైద్యం చాలా తేలిక. వారం వారం ఒక సీసా రక్తం తీసి పారేస్తారు, దాంతోపాటే ఇనుమూ పోతుంది.

అన్నయ్య సంగతి ఇంకోసారి రాస్తా. డబ్బాలు మార్చే వేళయింది.

తమ్ముడు


ఫిబ్రవరి 24

ఒరేయ్ కోతీ,

భలే రాశావురా. కొలతలివ్వడానికి వచ్చిన నలుగురికీ చదివి వినిపించా. హౌస్‌ఫుల్ దగ్గర టీచరమ్మకి నవ్వీ నవ్వీ పొలమారింది. మందుల షాపాయనకీ చూపించా. "ఒంట్లో రక్తం లేదని నేనంటుంటే ఉన్నది తీసి పారేయమన్నాడా? చెరువెండిందిరా అంటే గండి కొట్టమన్నాడట ఒకడు!" అన్నాడు.

నువ్వే చెప్పు. ఉన్న నెత్తురు చాలక నేను గోడలు పట్టుకుని నడుస్తుంటే, సీసాలు సీసాలు తోడించుకోమంటావు. నాలుగు చెంచాలు తాగమన్నదీ నువ్వే, సింకులో పొయ్యమన్నదీ నువ్వే. అందులో ఏది జోకు, ఏది నిజం? రెండూ ఒకే చేతిరాత. సింకు దగ్గర సీసా పట్టుకుని నిలబడితే, ఎక్కడో కూర్చుని నువ్వు పడీపడీ నవ్వుతున్నట్టు అనిపించింది. కరెంటాఫీసు రోజున వీధిలో స్టూలు మీద కూర్చున్నది నేనురా, నువ్వు కాదు.

ఒక్కటి మాత్రం బాగాలేదు. లివరు చెడిన ఎలకని చూసి మందు కొట్టొచ్చాడన్నావట. అన్నయ్య ఎలా పోయాడో తెలిసీ ఆ మాట నోటికెలా వచ్చింది? ఆ ముక్క ఎవరికీ చదివి వినిపించలేదు.

అక్క


మార్చి 4

అక్కా,

ఇందులో జోకు లేదు. ఒక్కటి కూడా లేదు.

దీంతో పాటు ఇంకో కాగితం ఉంది చూడు. ఇనుం డాక్టరమ్మని మూడు రోజులు బతిమాలి రాయించా. "నేను మనుషులకి మందు రాయకూడదు, పరీక్ష చేయించుకోమని మాత్రం రాస్తా" అని అంతవరకే రాసింది. సంతకం ఆవిడదే. కింద ముద్ర మా ఆఫీసుది. మందుల షాపాయనకి కాదు, నిజం డాక్టరుకి చూపించు.

నేనే వద్దామంటే రెండు రోజుల ప్రయాణం. నాతో పనిచేసే ఇంకో మనిషి కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. నేను కదిలితే రెండొందల డబ్బాలకి నీళ్ళు పోసే దిక్కు లేదు. అతను రాగానే బయల్దేరతా.

ఈలోపు నాకోసం ఒక్కటి చెయ్యి. వెయ్యి జోకుల్లో ఒక్కటి నిజం ఉండదా అని ఒక్కసారి అనుకో.

తమ్ముడు


మార్చి 17

ఒరేయ్,

ముద్ర కూడా వేశావా! బడిలో ఉండగా బంగాళదుంప కోసి హెడ్‌మాస్టరు ముద్ర చేసి, ఏడుగురికి సెలవు చీటీలు పంచినందుకే కదరా నిన్ను బయటికి తోసింది. విద్య మర్చిపోలేదన్నమాట. కాకపోతే ఈసారి ముద్ర ఒక పక్క అలుక్కుపోయింది. దుంప పచ్చిదేమో చూసుకో. టీచరమ్మ నవ్వలేదు ఈసారి. "మీ తమ్ముడికి వేరే పనేం లేదా అక్కా?" అంది. నాకు సిగ్గేసింది.

వచ్చి ఏం చేస్తావు, రావద్దు. వస్తే ఆ మొహం చూసి నవ్వొస్తుంది, నవ్వే ఓపిక లేదు.

శనివారం మిషను మీద కూర్చునే కళ్ళు తిరిగి పడ్డా. సూది వేలి గోట్లోంచి దిగింది. టీచరమ్మే విడిపించింది. మందుల షాపాయన ఇంక టానిక్కుతో కాదు, ఐరన్ సూదులు పడాల్సిందే అన్నాడు. మొత్తం పది. సోమవారం మొదలు. అవి పడితే కుదురుకుంటానట.

నీమీద కోపం లేదురా. ఓపిక లేదు, అంతే.

అక్క


మార్చి 22

అక్కా,

సూదులు వేయించుకోకు. నీకు దణ్ణం పెడతా.

రెండు రోజులుగా ఆలోచిస్తున్నా, నువ్వు నన్ను నమ్మాలంటే ఏం చెయ్యాలని. ముద్రలు వేసినా నమ్మవు, వచ్చి కాళ్ళ మీద పడినా నాటకమంటావు. తప్పు నీది కాదు. ఆటలాడేవాడు తన నెత్తిన తాను బండ వేసుకోడు కదా. అందుకని వేసుకుంటున్నా. చదివాక నన్ను తిట్టు, తర్వాత ఆస్పత్రికి వెళ్ళు. రెండూ చెయ్యి.

అన్నయ్య పనిముట్ల పెట్టెలో సీసా పెట్టింది నేను.

రోడ్డు పక్కన దొరికిన ఖాళీ సీసా. కడిగి, అందులో టీ డికాషన్ పోశా. రంగు సరిగ్గా కుదిరింది. అన్నయ్య బూడిదరంగు చేతితొడుగులో చుట్టి పెద్ద పానా కింద పెట్టా. సాయంత్రం అందరి ముందూ పెట్టె తెరిపించి, నాన్న ఎగిరిపడగానే నేను సీసా ఎత్తి గటగటా తాగేసి "టీ!" అని అరవాలని. అదీ ప్లాను. పంచదార కూడా ఎక్కువే వేశా, తాగేది నేనేగా.

పెట్టె నేను వచ్చేలోపే నాన్న తెరిచాడు. మేకు కావాలనో దేనికో. నేను వచ్చేసరికి ఆయన చెయ్యి అప్పటికే అన్నయ్య చెంప మీద పడింది. నలభై మూడేళ్ళ కొడుకు. సీసా పెరటి గోడకేసి కొట్టాడు. ఒక్కళ్ళు వాసన చూస్తే అయిపోయేది. ఎవరూ చూడలేదు. నేను "టీ" అందామనుకున్నా. గొంతు రాలేదు. పది గొంతులున్నవాణ్ణి. రేపు చెబుదాం అనుకున్నా. ఆ రేపు అన్నయ్య వదినని తీసుకుని ఊరు వదిలేశాడు. ఎల్లుండి చెబుదాం అనుకున్నా.

రెండేళ్ళకి లివరు పోయిందని కబురొచ్చినప్పుడు, నీకు నిజం చెబుతా, నాకు కొంచెం తేలికయింది. అయితే నిజంగానే తాగేవాడన్నమాట, నా జోకు అబద్ధం కాదన్నమాట అనుకున్నా. పదకొండేళ్ళు ఆ మాట పట్టుకునే నిద్రపోయా. మొన్న ఆ పళ్ళెం పట్టుకున్నప్పుడు అదీ జారిపోయింది. నీళ్ళు తప్ప ఏమీ తాగని ఎలక అది. నేను పోసిన నీళ్ళు.

అన్నయ్యకీ వేళ్ళు నొప్పి పుట్టేవి, గుర్తుందా? పానా పట్టడం వల్లే అనేవాడు. నలుపు కూడా. షెడ్డులో ఎండ అనేవాడు.

ఊరు వదిలి అన్నయ్య చేరింది నేనిప్పుడున్న ఊరికే కదా, నువ్వు చూడ్డానికొచ్చినప్పుడు ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు "తాగుతాడా?" అని అడిగితే వదిన కాదంది. నువ్వు అవునన్నావు. పెళ్ళాలు దాస్తారు, చెల్లెళ్ళు నిజం చెబుతారు అనుకున్నాడు డాక్టరు. ఇంక వేరే ఏదీ వెతకలేదు. ఆ మాట నువ్వన్నావు గానీ, నీ నోట్లో పెట్టింది నేను.

ఇంకో మనిషి లేడని రాలేదన్నా కదా, అది సగమే నిజం. నీ ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక రాలేదు.

సూది వద్దు. ఆస్పత్రికి వెళ్ళు.


ఏప్రిల్ 29

నీ ఉత్తరం వచ్చేసరికి రెండు సూదులు పడ్డాయి.

పెరటి గోడ మీద మరక ఆ రోజు నేనే కడిగాను. పూర్తిగా పోలేదు. రెండో రోజు చూస్తే చీమలు. పైనుంచి కింది దాకా బారులు తీరి. మందుకి చీమలేంటి అనుకున్నా. అనుకుని, చీమల మందు చల్లా.

చీమల సంగతి నీకు తెలీదు. నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అందుకే నమ్మాను. నీ ముద్రల్ని కాదు.

వదిన ఇంటికి వెళ్ళా. తలుపు తీసి చూస్తూ నిలబడింది. లోపలికి రమ్మనలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీక "ఆ సీసాలో ఉన్నది టీ అట వదినా" అన్నా.

"ఎవరు చెప్పారు?"

"పెట్టినవాడు."

"పంచదార వేశాడా?"

"వేశాడట."

"మీ అన్నయ్య పంచదార లేకుండా తాగేవాడు" అంది. అని అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. నేను మెట్టు మీద కూర్చున్నా. వీధిలో వాళ్ళు చూస్తూ పోతున్నారు. తర్వాత తనే లేచి, చెప్పులేసుకుని, "పదండి ఆస్పత్రికి" అంది.

అక్కడ డాక్టరు కాగితం ముందేసుకుని "తాగే అలవాటుందా అమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు వదిన అంది, "తాగదు. వీళ్ళన్నయ్యా తాగేవాడు కాదు. రాసుకోండి."

"ఆయన సంగతి ఈ కాగితంలో అక్కర్లేదమ్మా."

"రాసుకోండి" అంది మళ్ళీ. రాశాడో లేదో నేను తల ఎత్తి చూడలేదు.

నువ్వు చెప్పిందే తేలింది. లివరు కొంత గట్టిపడిందట. గట్టిపడింది మెత్తబడదట. ఇంకా గట్టిపడకుండా చూస్తామన్నారు. మూడు వారాలుగా రక్తం తీస్తున్నారు. సీసా నిండుతుంటే వదిన పక్కన కూర్చుని చూస్తుంది. ఎందుకొస్తుందో నాకు తెలీదు, అడిగే మొహం నాకు లేదు.

నువ్వు తనకి ఉత్తరం రాస్తానంటావేమో అని వదినతో చెప్పా. "వాడి ఉత్తరం నాకొద్దు. మీ అన్నయ్య పోయిన ఆస్పత్రి వాడున్న ఊళ్ళోనే కదా. అక్కడి కాగితంలో తాగుతాడని ఉంది. వెళ్ళి ఆ మాట కొట్టేయించమనండి" అంది. అంతే అంది.

కొట్టేయించు. అంతదాకా నాకూ రాయకు.

అక్క


మే 15

అక్కా,

రాయొద్దన్నావు. పని కాలేదు, అయినా రాస్తున్నా.

ఆస్పత్రి కాగితాల గదికి ఐదుసార్లు వెళ్ళా. మూడుసార్లు గుమాస్తా లేడు, నాలుగోసారి వచ్చి రేపు రమ్మన్నాడు. ఐదోసారి వెతికి తీశాడు. దారం ఊడిన అట్ట. లోపల మూడో కాగితం. "మద్యం: అవును. చెప్పినవారు: చెల్లెలు." వదిన చెప్పింది ఎక్కడా లేదు.

"బాబూ, ఇది తప్పు. మార్చాలి" అన్నా.

"ఎవరు మీరు?"

"తమ్ముణ్ణి."

"పేషెంటు వచ్చి చెప్పాలి."

"పోయాడండీ. ఆ కాగితం మీదే పోయాడు."

"పోయినవాళ్ళ కాగితంలో మార్పులుండవు" అన్నాడు. కసురుకోలేదు పాపం, మామూలుగానే అన్నాడు. ఇంతలో అవతల గదిలోంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు. అట్ట నా ముందే ఉంది. బల్ల మీద పెన్ను. అదే నీలం సిరా.

అక్కా, "అవును"ని "కాదు" చెయ్యడం నాకెంత సేపు? హెడ్‌మాస్టరు సంతకం పదేళ్ళప్పుడే పెట్టినవాణ్ణి. ఆ డాక్టరు చేతిరాత చూడగానే చేతికొచ్చేసింది. పెన్ను తీశా కూడా. అప్పుడు అనిపించింది, ఈ నిజాన్ని కూడా నేను దొంగరాతతోనే రాస్తే, అది ఆ సీసాలో టీ లాంటిదే. ఎవరైనా వాసన చూస్తే మళ్ళీ అబద్ధమే. పెన్ను పెట్టేశా. ఒప్పు చేశానో తప్పు చేశానో నాకు తెలీదు. వదినకి తెలిస్తే రాయాల్సిందనే అంటుందేమో.

అతను వచ్చాక తెల్లకాగితం అడిగి, నా సొంత చేతిరాతతో అంతా రాశా. సీసా, టీ, పంచదార, ఎవరు పెట్టారో. కింద నా పేరు, నా సంతకం. చదివి "దీన్ని నేనేం చేసుకోను?" అన్నాడు. "ఆ అట్టలో పెట్టండి" అన్నా. అట్టలో పెట్టలేదు. పక్కన ఒక ట్రే ఉంది, అందులో వేశాడు. "చూస్తాం" అన్నాడు. ట్రే నిండా అలాంటివే ఉన్నాయి. మళ్ళీ సోమవారం వెళ్తా. ఆ పై సోమవారం కూడా వెళ్తా. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

నా రక్తం సంగతి తేలింది. నాకు ఒక్కవైపు నుంచే వచ్చిందట, ఒంట్లో ఇనుము మామూలుగానే ఉందట. ముగ్గురిలో తప్పించుకుంది నేనొక్కణ్ణే. నా రక్తం అంతా నీకిచ్చేస్తా అనైనా అందామంటే, నీకు కావాల్సింది రక్తం ఇచ్చేవాడు కాదు. అదీ కుదరదు.

తుప్పయ్యని నిన్న కోశారు. తీసుకెళ్ళేముందు ఇనుం డాక్టరమ్మని అడిగా, ఈ ఎలకలకి రక్తం తీసి బతికించొచ్చు కదా అని. "వీటి లివరు మనుషులదిలా గట్టిపడదండీ, తుప్పు పట్టినా చాలావరకు తట్టుకుంటాయి. తట్టుకోలేంది మనమే" అంది. తుప్పయ్య కార్డు మీద ఆఖరి గడి ఖాళీగా ఉంటే నన్నే నింపమంది. తాగింది: నీళ్ళు. చెప్పినవారు: నీళ్ళు పోసినవాడు. సంతకం పెట్టా. ఒక్క ఎలకకి మాత్రం కాగితం సరిగ్గా రాసి పంపా.

కాలు విరిగినాయన వచ్చే నెల వస్తాడు. అప్పుడు రమ్మంటే వస్తా. వద్దంటే ఇక్కడే ఉండి సోమవారాలు తిరుగుతా.

ఈ ఉత్తరం వదినకి వినిపించు, వింటానంటే. ఇందులో జోకు లేదక్కా, వెతక్కు. ఎక్కడైనా నవ్వొస్తే, అది నేను పెట్టింది కాదు.

తమ్ముడు